104 చోట 105

బేస్ గిటార్ వాయించేవాళ్ళకి ఒక బాధ ఉంటుంది. పాటలో అది ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. తీసేస్తే మాత్రం "ఏదో తగ్గింది, ఏంటో తెలీట్లేదు" అంటారు. మా ఆఫీసు బ్యాండ్‌లో నలుగురం. సింగర్‌కి ఫ్యాన్స్ ఉన్నారు, గిటారిస్ట్‌కి ఇన్‌స్టాలో రీల్స్ ఉన్నాయి, డ్రమ్మర్‌ని ఎలాగూ వినకుండా ఉండలేరు. నన్ను చూసి మా టీమ్ లీడ్ అడిగిన మాట, "నీ గిటార్‌కి నాలుగు తీగలేనా? మిగతా రెండూ తెగిపోయాయా?"

తెగిపోలేదు. మామూలు బేస్‌కి ఉండేవే నాలుగు. పై నుంచి మొదటిది, అన్నిటికన్నా లావుది, సెకనుకి 41 సార్లు ఊగుతుంది. మామూలు గిటార్‌లో లావు తీగ 82 సార్లు. అంటే సరిగ్గా ఒక స్థాయి కింద. ఈ 41 హెర్ట్జ్‌ని మీ ఫోన్ స్పీకర్ పలికించలేదు. ఇళయరాజా 'గీతాంజలి' పాటల్ని ఫోన్‌లో పెట్టుకుని ఒకసారి, మంచి హెడ్‌ఫోన్స్‌లో ఇంకోసారి వినండి. రెండోసారి పాట కింద ఇంకో పాట నడుస్తున్నట్టు ఉంటుంది. నేను బేస్ కొన్నది అందుకే.

పెడల్ అంటే గిటార్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్యలో నేల మీద పెట్టే చిన్న లోహపు డబ్బా. కాలితో నొక్కితే ఆన్ అవుతుంది, సౌండ్‌ని మారుస్తుంది. ఒకటి ప్రతిధ్వని ఇస్తుంది, ఒకటి గొంతు బొంగురు పోయినట్టు చేస్తుంది. ఈ బొంగురు పెడల్స్‌కి ఒక మంచి కథ ఉంది. అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి 'డోంట్ వర్రీ' పాట రికార్డ్ చేస్తున్నారు. గ్రేడీ మార్టిన్ అనే ఆయన ఆరు తీగల బేస్ మీద సోలో వాయిస్తుంటే, మిక్సింగ్ బల్లలో ఒక ఛానెల్ పాడైపోయి, శబ్దం చిరిగిన గుడ్డలా వచ్చింది. వేరేవాళ్ళయితే మళ్ళీ రికార్డ్ చేసేవాళ్ళు. వీళ్ళు అలాగే ఉంచేశారు. పాట హిట్టయింది. అప్పటి ఇంజినీర్ గ్లెన్ స్నాడీ ఆ పాడైన శబ్దాన్ని ట్రాన్సిస్టర్లతో కావాలని పుట్టించే సర్క్యూట్ తయారుచేశాడు. గిబ్సన్ కంపెనీ దాన్ని 1962లో మాస్ట్రో ఫజ్ టోన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. 1965లో రోలింగ్ స్టోన్స్ 'శాటిస్ఫాక్షన్'లో వాడాక ప్రపంచమంతా పాకింది. అంటే ఈ రకం పెడల్ అన్నదే ఒక రిపేరు కేసులోంచి పుట్టింది. అదీ ఒక బేస్ తీగల మీద. గిటారిస్టులు ఈ విషయం చెప్పరు కాబట్టి నేను చెబుతున్నా.

ఇక నా పెడల్. సెకండ్ హ్యాండ్ సామాన్ల యాప్‌లో కనపడింది. బేస్ ఓవర్‌డ్రైవ్, కొత్తదైతే 9 వేల పైమాట. ఫొటో కింద "పవర్ రావట్లేదు, పార్ట్స్‌కి పనికొస్తుంది" అని నిజాయితీగా రాసి 1,200 పెట్టాడు. నాలుగు నాబ్స్ ఉండాల్సిన చోట మూడే ఉన్నాయి. లెవెల్ నాబ్ ఊడిపోయి ఉత్త కడ్డీ ఉంది. వెయ్యికి తెచ్చుకున్నా. తెచ్చి డ్రాయర్‌లో పెట్టా. మా నాన్న వచ్చేదాకా అది డ్రాయర్‌లోనే ఉండాలని నా ప్లాన్.

ఎందుకంటే మా నాన్న తణుకులో ముప్ఫయ్యేళ్ళు రేడియో, టీవీ రిపేర్లు చేశాడు. రేడియోలతో మొదలుపెట్టి, టేప్ రికార్డర్లు, డబ్బా టీవీలు, వినాయక చవితి సీజన్‌లో మైక్‌సెట్ ఆంప్లిఫయర్లు. ఆ తొమ్మిది రోజులూ షాపు ముందు సైకిళ్ళ మీద, రిక్షాల మీద వానకి తడిసిన ఆంప్లిఫయర్లు క్యూ కట్టేవి. తర్వాత ఫ్లాట్ టీవీలొచ్చాయి. పాడైతే బోర్డు మార్చేయడమే, లేదా టీవీనే మార్చేయడం. షాపు అద్దె కూడా రాని నెలలు మొదలయ్యాక షట్టర్ దించేశాడు. నేను ఈసీఈ చేసింది ఆయన కోరిక మీదే. నాలుగేళ్ళ కోర్సులో సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నది రెండు ల్యాబుల్లో. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు జావా రాస్తున్నా. మా క్లాసులో అరవై మందికి దాదాపు అందరిదీ ఇదే కథ కాబట్టి దీన్ని సాగదీయను.

నాన్న హైదరాబాద్ వస్తున్నది పెడల్ కోసం కాదు. అమ్మ ఫోన్‌లో రెండు నెలల నుంచీ చెబుతోంది. "బస్సులో కూర్చుంటే కుడిచేతి వేళ్ళు ఆడుతున్నాయిరా. బొటనవేలూ చూపుడువేలూ కలిపి గోళీ చుడుతున్నట్టు. అడిగితే చలి అంటాడు. వైశాఖంలో చలేంటి?" నేను ఇక్కడ న్యూరాలజిస్ట్‌కి సోమవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నా. వాళ్ళు శుక్రవారం రాత్రి గౌతమి ఎక్కి శనివారం పొద్దున్నే దిగారు.

టిఫిన్ అవగానే డ్రాయర్ తీశా.

"ఏవిట్రా ఇది, ఎలకల బోనా?" అన్నాడు నాన్న, తిప్పి చూసి.

"పెడల్. పవర్ రావట్లేదు. చూస్తావా?"

"సర్క్యూట్ డయాగ్రం ఉందా?"

"లేదు."

"మరి ఇంజినీరువి నువ్వెందుకు?" అంటూనే జేబులోంచి కళ్ళజోడు తీశాడు. నా టూల్ కిట్ చూసి నిట్టూర్చి, తన సంచిలోంచి పాత 25 వాట్ల ఐరన్, స్వీట్ షాపు రేకు డబ్బాలో పేస్ట్, పసుపు రంగు మీటర్ తీశాడు. అపాయింట్‌మెంట్‌కి వస్తూ ఇవన్నీ ఎందుకు తెచ్చావని అమ్మ అడిగింది. "వీడింట్లో ఏదో ఒకటి పాడై ఉంటుంది కదా" అన్నాడు.

నాలుగు స్క్రూలు విప్పితే అడుగు రేకు వచ్చేసింది. లోపల అరచేతిలో పట్టే ఆకుపచ్చ బోర్డు. నాన్న మొదట మీటర్ ముట్టుకోలేదు. బోర్డుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ వంచి చూస్తూ ఐదు నిమిషాలు నిలబడ్డాడు. మా ఆఫీసులో ఎర్రర్ రాగానే కోడ్ మార్చడం మొదలుపెట్టే జూనియర్లకి ఈ ఐదు నిమిషాలు చూపించాలి.

తర్వాత మీటర్‌ని బీప్ కొట్టే సెట్టింగ్‌లో పెట్టి, పవర్ సాకెట్ ప్లస్ మీద ఒక ముల్లు, మైనస్ మీద ఇంకో ముల్లు ఆనించాడు. బీప్ మని ఒకటే మోత. "షార్ట్" అన్నాడు. "నీ అడాప్టర్ ఇచ్చే కరెంటంతా లోపలికెళ్ళకుండా గుమ్మంలోనే తిరిగొచ్చేస్తోంది."

ఈ పెడల్స్‌కి ఒక వింత ఆచారం ఉంది. ఇంట్లో వైఫై రౌటర్ అడాప్టర్ పిన్ను చూడండి, మధ్యలో ప్లస్, బయట మైనస్. చాలావరకు గిటార్ పెడల్స్‌కి రివర్సు, మధ్యలో మైనస్, బయట ప్లస్. పిన్ను సైజు మాత్రం రెండిటికీ చాలాసార్లు ఒకటే. అందుకని రౌటర్‌దో, కీబోర్డ్‌దో గుచ్చేవాళ్ళు గుచ్చుతూనే ఉంటారు. తయారుచేసేవాళ్ళకి ఈ సంగతి తెలుసు. సాకెట్ పక్కనే, ప్లస్‌కీ మైనస్‌కీ అడ్డంగా ఒక డయోడ్ పెడతారు. సరైన దిశలో కరెంట్ వస్తే అది ఏమీ పట్టనట్టు ఊరుకుంటుంది. రివర్సులో వస్తే మొత్తం కరెంటుని తన ఒంటి మీదకి లాగేసుకుంటుంది. అడాప్టర్ బలంగా ఉంటే ఆ వేడికి డయోడ్ లోపల కరిగి, రెండు దిక్కులా దారి ఇచ్చేసే ఉత్త తీగముక్క అయిపోతుంది. అప్పట్నుంచి సరైన అడాప్టర్ పెట్టినా పెడల్ లేవదు. లోపల మిగతావన్నీ మాత్రం క్షేమం.

నాన్న ఆ డయోడ్ ఒక కాలు పైకి లేపాడు. బీప్ ఆగిపోయింది. విడిగా కొలిస్తే అటూ సున్నా, ఇటూ సున్నా. "పోయింది పాపం. ఇది పోబట్టే మిగతాది ఉంది" అన్నాడు.

కొత్త డయోడ్ కోసం ఎక్కడికీ వెళ్ళలేదు. మా ఇంట్లో చచ్చిపోయిన ఫోన్ ఛార్జర్ ఒకటుంటే పగలగొట్టమన్నాడు. అందులో నాలుగు డయోడ్లు వరసగా ఉన్నాయి, 1ఎన్4007. పెడల్‌లో ఉన్నది 1ఎన్4001. నేను తేడా చూసి ఆగితే, "ఒకే కుటుంబం. రెండూ ఒక ఆంపియర్‌వే. అది 50 వోల్టులకి, ఇది వెయ్యికి తట్టుకుంటుంది. తమ్ముడి ప్లేసులో అన్న వచ్చాడనుకో" అన్నాడు.

అప్పటిదాకా నేను ఆయన చేతిని చూడకూడదనుకుంటూ చూస్తూనే ఉన్నా. ఐరన్ వేడెక్కేదాకా కుర్చీలో కూర్చున్నప్పుడు కుడిచెయ్యి తొడ మీద ఉంది. అమ్మ చెప్పినట్టే, వేళ్ళు గోళీ చుడుతున్నాయి. ఐరన్ తీసుకున్నాడు. చెయ్యి నిలబడిపోయింది. ఐరన్ మొన బియ్యపు గింజంత టంకం మీద ఆగి, లెడ్ తీగ తాకి, వెనక్కి వచ్చేసింది. ఎక్కడా వణుకు లేదు.

"చూశావా?" అన్నాడు అమ్మతో. "ఏదో అయిపోయిందని హడావిడి చేశావ్. వణికే చెయ్యి ఇలా పెడుతుందా?"

అమ్మ మొహంలో వెలుగొచ్చింది. నేను నవ్వాను. అపాయింట్‌మెంట్ తీసుకున్న రాత్రి నేను చదవకూడనంత చదివేశా. వణుకుల్లో రెండు పెద్ద రకాలున్నాయట. పని చేస్తున్నప్పుడు వణికే చెయ్యి ఒకటి. ఊరికే ఉన్నప్పుడు వణికి, పనిలో పడగానే నిలబడే చెయ్యి ఇంకొకటి. అమ్మ సంతోషపడుతున్నది ఈ రెండో దాన్ని చూసి.

ఇంకోటి కూడా జరిగింది. సోల్డర్ పెడుతుంటే నాన్న ముక్కు చిట్లించి, "ఇప్పటి లెడ్‌లో సరుకు లేదురా. మా రోజుల్లో ఒక చుక్క పెడితే షాపంతా గుగ్గిలం వాసన" అన్నాడు. అప్పటికే అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బాల్కనీ తలుపు తీయడానికి వెళ్తోంది. గదంతా అదే వాసన. ఏ రెసిస్టర్ కాలిందో టీవీ వెనక్కి వెళ్ళి ముక్కుతో కనిపెట్టేవాడని తణుకులో పేరున్న మనిషి ఆయన. నేను ఏమీ అనలేదు.

అడాప్టర్ పెట్టాం. ఎర్ర లైటు వెలిగింది.

ఇక్కడితో అయిపోవాలి. బేస్ గుచ్చి వాయిస్తే అసలు కథ మొదలైంది. సౌండ్ వస్తోంది, కానీ బేస్ లేదు. సన్న తీగ ఫరవాలేదు, లావు తీగల వైపు వెళ్ళేకొద్దీ ఒక్కో తీగా నీరసించిపోతోంది. లావు తీగ మీటితే దుప్పటి అవతల్నించి ఎవరో పిలిచినట్టుంది. పెడల్ ఆఫ్ చేస్తే మళ్ళీ గోడలు అదురుతున్నాయి. బేస్ కోసమే చేసిన పెడల్‌కి ఇది ఉండకూడని జబ్బు. గిటార్ ఓవర్‌డ్రైవ్‌లలో కింది స్వరాల్ని కావాలనే కోసేస్తారు, లేకపోతే సౌండ్ బురద అవుతుంది. బేస్ పెడల్‌లో మాత్రం బ్లెండ్ అని ఒక నాబ్ పెట్టి, అసలు సౌండ్‌ని బొంగురు సౌండ్‌కి కలిపి, అడుగు పోకుండా చూస్తారు. నేను బ్లెండ్‌ని మొత్తం అసలు సౌండ్ వైపు తిప్పినా అడుగు లేదు.

"మా రేడియోలకి ఈ బాధే లేదు, మూడంగుళాల స్పీకర్‌లో ఏ బేసూ లేదు" అన్నాడు నాన్న. అయినా ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూనే బోర్డు ముందు కూర్చున్నాడు.

ఆయన పాత పద్ధతి వేలు పెట్టి చూడటం. రేడియోలో స్పీకర్ వైపు నుంచి మొదలుపెట్టి ఒక్కో స్టేజీ దగ్గరా స్క్రూడ్రైవర్‌తో తాకుతూ వెనక్కి వెళ్తారు. బుర్రుమంటే అక్కడిదాకా బాగున్నట్టు. బుర్రు ఆగిన చోట జబ్బు. ఇక్కడ శబ్దం ఆగట్లేదు, సన్నబడుతోంది. దానికి బుర్రు సరిపోదు. నా వంతుగా ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసి, 41 హెర్ట్జ్ పెట్టి, కేబుల్‌తో పెడల్‌లోకి పంపించా. నాన్న మీటర్‌ని ఏసీలో పెట్టి ఒక్కో స్టేజీ కొలుచుకుంటూ వెళ్ళాడు. మా ఇద్దరి చదువులూ కలిసిన పని నాకు తెలిసి ఇదే మొదటిది.

చివరి దాకా 400 మిల్లీవోల్టులు ఉంది. చివర్లో, లెవెల్ కంట్రోల్‌కి ముందు, ఒక చిన్న కెపాసిటర్. నాన్న దాన్ని కండెన్సర్ అంటాడు. దానికి ఇవతల 400. అవతల 100. ఫోన్‌లో 400 హెర్ట్జ్‌కి మార్చా. ఇవతల 400, అవతల 370. 

"ఆగు ఆగు" అన్నాడు నాన్న. అద్దం పెట్టి చూశాడు. "దీని సోల్డర్ చూడు. మిగతావన్నీ మెషిన్ పెట్టినవి, ఒకే రకంగా ఉన్నాయి. దీని చుట్టూ గోధుమరంగు పేస్ట్ మరక. ఎవడో మార్చాడు." కెపాసిటర్ ఒంటి మీద 104 అని ఉంది. ఊడదీస్తే దాని కింద బోర్డు మీద తెల్లని అక్షరాల్లో అచ్చు వేసి ఉంది, 1 మైక్రోఫారడ్ అని.

ఆ మూడంకెల లెక్క తెలియనివాళ్ళకి, మొదటి రెండు అంకెలూ వేసుకుని, మూడో అంకె ఎంతైతే అన్ని సున్నాలు పక్కన పెట్టాలి. 104 అంటే 10 పక్కన నాలుగు సున్నాలు, లక్ష పికోఫారడ్లు, అంటే 0.1 మైక్రోఫారడ్. ఒకటి కావాలంటే 105 వేయాలి. చూడటానికి రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. కెపాసిటర్ చిన్నదైతే కింది స్వరాలు దాంట్లోంచి దూరలేవు. ఎక్కడ్నించి తగ్గడం మొదలవుతుందో చెప్పే సూత్రం మా రెండో సంవత్సరం పుస్తకంలో ఉంది, ఒకటి బై టూ పై ఆర్ సి. కాగితం మీద వేశా. లెవెల్ కంట్రోల్ 10 కిలో ఓములు. 1 మైక్రోఫారడ్ ఉంటే 16 హెర్ట్జ్ దగ్గర. 0.1 ఉంటే 159 హెర్ట్జ్ దగ్గర. బేస్ తీగలు నాలుగూ ఉత్తిగా మీటితే 41, 55, 73, 98. నాలుగూ ఆ గీతకి కిందే. 41 దగ్గర నాలుగో వంతే బయటికొస్తుందని లెక్క చెప్పింది. మీటర్ చెప్పిందీ అదే.

ఆ సూత్రాన్ని నేను పరీక్షలో ఎన్నిసార్లు రాశానో. చెవికి వినపడటం ఇదే మొదటిసారి.

"మార్చినవాడు గిటార్ వాయించేవాడు అయ్యుంటాడు, వాడికి తేడా పెద్దగా తెలిసుండదు" అన్నాను.

"కాదు. వాడి డబ్బాలో ఉన్నది వేశాడు. మేమూ వేసేవాళ్ళం. అర్ధరాత్రి మైక్‌సెట్ వాడు వచ్చి మండపం ఆగిపోయిందంటే ఉన్నది వేసి పంపేవాణ్ణి, పండగ అయ్యాక తెమ్మని చెప్పేవాణ్ణి. కొందరు తెచ్చేవాళ్ళు."

సోమవారం హాస్పిటల్. డాక్టరు యాభై దాటినావిడ, తొందర లేని మనిషి. నాన్నని నడిపించింది. నడుస్తుంటే కుడిచెయ్యి ఊగట్లేదని ఆవిడ చూపించేదాకా నేను గమనించలేదు. వేళ్ళు టపటపా ఆడించమంది. కాగితం మీద ఏదైనా రాయమంది. నాన్న తన షాపు పేరు రాశాడు. అక్షరాలు మొదట్లో మామూలుగా ఉన్నాయి, చివరికొచ్చేసరికి చీమలంత అయ్యాయి.

"ఊరికే ఉన్నప్పుడు వణుకుతుందా, పని చేసేటప్పుడా?"

"పనిలో ఏం లేదండీ. మొన్ననే సోల్డరింగ్ చేశాను" అన్నాడు నాన్న ఉషారుగా.

ఆవిడ తలూపి రాసుకుంది. "వాసనలు బాగా తెలుస్తున్నాయా?"

"తెలుస్తున్నాయండీ."

నేను అప్పుడు నోరు తెరిచా. లెడ్ సంగతి చెప్పా. నాన్న నావైపు తిరిగి, "గదంతా వచ్చిందా వాసన?" అన్నాడు. అమ్మ "వచ్చిందండీ" అంది. ఆయన ఇంకేం అనలేదు.

పార్కిన్సన్స్. రక్తపరీక్షలో తేలే జబ్బు కాదనీ, చూసి, నడిపించి, అడిగి చెప్పేదేననీ, స్కాన్ ఇతర కారణాలు లేవని చూసుకోడానికేననీ చెప్పింది. మెదడులో డోపమిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోవడం వల్ల వస్తుంది. వాసన పోవడం చాలామందిలో వణుకు కన్నా ఏళ్ళ ముందే మొదలవుతుందట. నాన్న శ్రద్ధగా విని అడిగాడు, "అంటే లోపల సర్క్యూట్ బాగానే ఉంది, సప్లై తగ్గింది. అంతేనాండీ?"

ఆవిడ నవ్వింది. "దాదాపు అంతే. మనం బయట్నుంచి సప్లై ఇస్తాం." లెవోడోపా మాత్రలు రాసింది. బిగుతూ నెమ్మదీ తగ్గుతాయి, వణుకు మాత్రం కొందరిలో మొండిగా ఉంటుంది, రోజూ నడవండి, చేతులకి పని చెప్పండి అంది. పోయిన కణాలు తిరిగి వస్తాయా అని నాన్న అడగలేదు. ఆవిడా ఆ మాట ఎత్తలేదు.

బయటికొచ్చి క్యాబ్ బుక్ చేయబోతే నాన్న "కోఠీ ఎంత దూరం?" అన్నాడు.

అమ్మకి కోపమొచ్చింది. ఇంత విని ఇప్పుడు సామాన్లా అని. కానీ వచ్చింది. మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి గుజరాతీ గల్లీకి నడిచాం. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ ఎవరు మొదలుపెట్టినా ఎప్పుడో ఒకప్పుడు ఈ గల్లీకి రావాల్సిందే. ఇంజినీరింగ్ ప్రాజెక్టుల పిల్లలు, సీసీ కెమెరాల వాళ్ళు, స్పీకర్లు బిగించేవాళ్ళు, అందరూ భుజాలు రాసుకుంటూ. అమ్మని ఒక షాపు స్టూలు మీద కూర్చోబెట్టాం. నాన్న తొంభైల్లో రెండుమూడు సార్లు టీవీ ఐసీల కోసం వచ్చాడట, బెజవాడలో దొరకనప్పుడు. అప్పటి షాపు కోసం వెతికాడు. దాని ప్లేసులో మొబైల్ కవర్లు అమ్ముతున్నారు.

నాలుగో షాపులో 105 దొరికింది, సెరామిక్ కాదు, ఫిల్మ్ రకం. ఆడియోకి ఇదే మంచిదన్నాడు నాన్న.

"ఒకటి ఇవ్వండి."

"ఒకటి రాదు. పది తీసుకోండి. నలభై."

"పదీ ఏం చేసుకోను? ముప్ఫై."

"తీసుకోండి పెద్దాయనా."

ఆ పది కెపాసిటర్లని జిప్ కవర్లో వేసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాక, ఆయన నడక కాస్త వేగంగా అనిపించింది. మాత్ర ఇంకా వేసుకోలేదు కాబట్టి అది మాత్ర పని కాదు.

రాత్రి బోర్డు ముందు కూర్చున్నాక ఐరన్ నా చేతికిచ్చాడు. "నీ చెయ్యి బాగానే ఉందిగా, నువ్వే పెట్టు" అన్నాను. "ఉంది. అయినా నువ్వు పట్టు" అన్నాడు. కాలినీ, బోర్డు మీద రాగినీ రెండిటినీ ఒకేసారి వేడెక్కించాలి, లెడ్‌ని ఐరన్‌కి కాదు, వేడెక్కిన చోటుకి తాకించాలి. "ఉండు... ఉండు... ఇప్పుడు లెడ్. చాలు. ఇప్పుడు తియ్యి. ఊదకు." అద్దం పెట్టి చూశాడు. నిగనిగలాడుతూ చిన్న కొండలా ఉంది. అతుక్కున్నట్టు కనపడి అతుక్కోనిదాన్ని మెకానిక్కులు డ్రై సోల్డర్ అంటారు, సగం రిపేర్లు దానివల్లే వస్తాయి. ఇది కాదు. "ఊఁ" అన్నాడు. ఆయన భాషలో అది పెద్ద సర్టిఫికెట్.

41 హెర్ట్జ్ పంపాం. ఇవతల 400, అవతల 370 చిల్లర. బేస్ గుచ్చి లావు తీగ మీటా. వంటింట్లో స్టీలు గిన్నెలు జీరగా మోగాయి. కింది ఫ్లాట్ ఆంటీ ఫోన్ చేసింది. జాక్ నట్లు బిగించి, కంట్రోల్స్‌లో స్ప్రే కొట్టి, రేకు మూసేశాం.

వాళ్ళు బుధవారం వెళ్ళిపోయారు. మిగిలిన తొమ్మిది కెపాసిటర్లూ నాన్న పట్టుకెళ్ళాడు, తీసేసిన ఆ 104తో సహా. "అది బాగానే ఉంది, పాపం దానిదేం లేదు" అని. మాత్రలు రోజుకి మూడుసార్లు టైముకి వేయడం అమ్మ డ్యూటీ. బిగుతు కాస్త తగ్గిందంటోంది. వేళ్ళు టీవీ ముందు ఇంకా ఆడుతున్నాయట. వాసన మాత్రం రాలేదు, పోపు మాడినా తెలీట్లేదంటుంది. పోయిన వారం ఫోన్ చేస్తే, పాత మైక్‌సెట్ ఆయన ఆంప్లిఫయర్ ఒకటి తెచ్చి వరండాలో పెట్టాడనీ, పొద్దుట్నుంచీ దాని ముందే కూర్చున్నాడనీ, మధ్యాహ్నం మాత్ర పది నిమిషాలు లేటయిందనీ ఫిర్యాదు చేసింది. ఐరన్ వేడెక్కి ఏదైనా కాలినా ఆయనకి తెలీదు కదా అని ఆవిడ భయం. అందుకని ఆయన పని చేసినంతసేపూ పక్కనే కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోందట.

నాకో కొరియర్ వచ్చింది. అగ్గిపెట్టెలో దూది, దూదిలో ఒక నల్ల నాబ్. ఏదో పాత రేడియోది. పెడల్ కడ్డీకి కొంచెం వదులైతే ఒక చుట్టు టేపు వేస్తే పట్టేసింది. రేడియోలో వాల్యూమ్‌కీ స్విచ్‌కీ ఒకటే నాబ్ కాబట్టి ఒక చివర 'ఆఫ్' అని చెక్కి ఉంది. మా గిటారిస్ట్ అది చూసి, అక్కడికి తిప్పితే పెడల్ ఆగుతుందా అని అడిగాడు. ఆగదు, సౌండ్ సున్నా అవుతుంది, ఎర్ర లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది అని చెప్పా.